ఐదుగురు జపాన్ పిల్లలు, నాలుగు చెత్తడబ్బాలు

జర్మనీలో ఉంటూనే జపాన్ చూసొచ్చాను, అదీ తొమ్మిది యూరోల టికెట్టు మీద. నమ్మకపోతే మీ ఇష్టం. మా ఆయన కూడా మొదట నమ్మలేదు. తిరిగొచ్చాక పదిహేను రోజులు రోజూ భోజనాల దగ్గర ఇదే కథ చెప్పాను కాబట్టి ఇప్పుడు నమ్మాడో, నా నోరు మూయించడానికి నమ్మినట్టు నటిస్తున్నాడో తెలీదు.

ఆ వేసవిలో ఇక్కడి ప్రభుత్వం ఒక వింత పని చేసింది. నెలంతా దేశంలో ఏ ప్యాసింజరు రైలైనా ఎక్కండి, తొమ్మిది యూరోలు చాలు అంది. రెండేళ్ళుగా కరోనాకి భయపడి ఇంట్లో కూర్చున్న జనం మొత్తం రైళ్ళ మీద పడింది. కరోనా మాత్రం ఎక్కడికీ పోలేదు. అదీ మాస్కు కట్టుకుని మాతోపాటే రైలెక్కింది.

నా సంగతి చెప్పాలి. సూర్యాపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఆయనకు ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీలో ఉద్యోగమొస్తే వెనకాలే వచ్చాను. ఇక్కడ బళ్ళో ఇంగ్లీషు చెప్పాలన్నా ముందు జర్మన్ రావాలట. నా జర్మన్ కూరగాయల కొట్టు దాటదు. ఏ ఆఫీసుకెళ్ళినా ఫారంలో వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాయించేవారు. గృహిణి కావడం తప్పని కాదు, కానీ నేను టీచర్ని. మూడేళ్ళు ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయేది.

చివరికి కరోనాయే నాకు పని ఇప్పించింది. డ్యూసెల్‌డోర్ఫ్ వైపు జపనీస్ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడొక చిన్న ప్రైవేటు జపనీస్ బడిలో తొమ్మిదో తరగతికి ఆన్‌లైన్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలన్నారు, జర్మన్ అక్కర్లేదన్నారు. పద్ధతి పేరు ‘ప్రాజెక్టు ద్వారా ఇంగ్లీషు’. పాఠ్యపుస్తకం ఉండదు. పిల్లలే ఊళ్ళో ఒక నిజమైన సమస్య తీసుకుని, ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ దానికి పరిష్కారం వెతికి, చివరికి అది నిజంగా అవసరమైన మనిషికి వివరించాలి. చదవడానికి ఎంత బాగుందో కదా! మా ఐదుగురు పిల్లలకు వచ్చిన సమస్య: జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో తెలీదు.

ఏడు నెలలు చెప్పాను. తెర మీద ఐదు నల్లగడులు, ఐదు పేర్లు, మొహాల్లేవు. ప్రశ్న అడిగితే నిశ్శబ్దం. నిశ్శబ్దమంటే నాకు చిన్నప్పట్నించీ ఒంటికి పడదు. అందుకని మన బళ్ళ పద్ధతి ఎత్తుకున్నాను. “పేపర్ గోస్ ఇంటూ ద బ్లూ...” అని సాగదీస్తే, ఐదుగురూ కలిసి “బిన్!” అనేవారు. సగం వాక్యం నాది, చివరి ముక్క వాళ్ళది. రెండో నెలకల్లా కోరస్ అద్భుతంగా కుదిరింది. ప్రాజెక్టు దూసుకుపోతోందని రిపోర్టు కూడా రాశాను.

జూన్‌లో బడినుంచి మెయిలొచ్చింది. శుక్రవారం నేరుగా వచ్చి చివరి క్లాసు చెయ్యాలి. ప్రిన్సిపల్ గారు చూస్తారు. నచ్చితే ఈ తాత్కాలిక పని ఉద్యోగమవుతుంది, లేకపోతే నమస్కారం. వస్తూ వస్తూ ‘నిజమైన శ్రోత’ను, అంటే చెత్తతో నిజంగా అవస్థ పడుతున్న ఒక కొత్త మనిషిని, వెంట తెమ్మన్నారు.

రైల్లో పులిహోర

బుధవారం పొద్దున్నే పులిహోర కలుపుకుని ఇంగోల్‌స్టాట్‌లో రైలెక్కాను. మనవైపు జనరల్ బోగీ చూసినవాళ్ళకి ఆ రద్దీ కొత్త కాదు. కానీ జర్మన్లకి కొత్త. ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలితే ఇద్దరూ క్షమాపణలు చెప్పుకుని, ఇద్దరూ మళ్ళీ తగిలించుకుంటున్నారు.

ఎదురుగా ఒక పెద్దావిడ. డెబ్భై ఉంటాయి. నా మాస్కు ముక్కు కిందికి జారిన ప్రతిసారీ తన ముక్కు మీద వేలితో కొట్టి చూపిస్తోంది. రైల్లో మాస్కు తియ్యకూడదు, తింటున్నప్పుడు తప్ప. నాకు ఊపిరాడ్డం లేదు. డబ్బా తెరిచి పులిహోర మొదలుపెట్టాను. రెండు ముద్దలకి ఆకలి తీరింది కానీ ఊపిరి ఆకలి తీరలేదు. ఇక పల్లీలు ఏరుకుని ఒక్కొక్కటీ తినడం మొదలుపెట్టాను. రెండు స్టేషన్లు దాటాయి.

“మీరు తింటున్నారా, గాలి పీల్చుకుంటున్నారా?” అంది ఆవిడ, నాకు అర్థమయ్యేలా మెల్లగా.

“రెండూ” అన్నాను నాకొచ్చిన జర్మన్లో.

కంప్లైంటు చేస్తుందనుకున్నాను. ఆవిడ సంచిలోంచి ఉప్పు చల్లిన బ్రెట్సెల్ రొట్టె ఒకటి తీసి, మాస్కు గడ్డం కిందికి దించి, దానిమీది ఉప్పుకల్లు ఒక్కొక్కటీ గిల్లుకుని తినసాగింది. నేను పల్లీ, ఆవిడ ఉప్పుకల్లు. దిగేదాకా ఇద్దరం చట్టానికి లోబడే ఉన్నాం. వేరుశెనగ ఆవిడకి రెండు పెడితే తీసుకుంది, ఇంగువ వాసన మాత్రం ఏమిటని మూడుసార్లు అడిగింది.

కైసర్స్‌లౌటర్న్‌లో నూనె కానుక

కైసర్స్‌లౌటర్న్‌లో శ్రీకాంత్ ఉంటాడు. సూర్యాపేటలో నా దగ్గర పదో తరగతి చదివాడు. ఇప్పుడు ఇక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్, వచ్చి ఆరు నెలలు. మేడం వస్తోందంటే మిఠాయి తెమ్మంటాడనుకున్నాను. “మేడం, నూనె దొరుకుతదా?” అన్నాడు ఫోన్లో.

ఆ వేసవి యుద్ధం పుణ్యమా అని పొద్దుతిరుగుడు నూనె బంగారమైపోయింది. షాపుల్లో మనిషికొక్క సీసాయే అని బోర్డు పెట్టారు. జర్మన్లు దాంతో ఏం చేస్తారో తెలీదు, మనకైతే పోపు లేకుండా పొద్దు గడవదు. మా ఆయనా నేనూ ఒకే షాపులో వేరు వేరు లైన్లలో, ముక్కూమొహం తెలీనివాళ్ళలా నిలబడి చెరో సీసా కొన్నాం. అలా తెచ్చిన రెండు సీసాలు చూసి ఆ గదిలోని నలుగురు కుర్రాళ్ళూ లేచి నిలబడ్డారు. నేను క్లాసులోకి వెళ్ళినప్పుడు కూడా అంత వినయంగా ఎవరూ లేవలేదు.

కోడికూర వండారు. కొత్తిమీర లేదేమని అడిగితే కట్ట రెండు యూరోలన్నారు. “గంత పెట్టి ఆకు తింటమా మేడం, పండుగకే కొంటం” అన్నాడు శ్రీకాంత్. కూర మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

వంటింటి గోడకి ఒక ఉత్తరం అంటించి ఉంది. మధ్యలో రంగుల ఫోటో: పసుపురంగు డబ్బాలో అన్నం.

“ఇదేమిట్రా?”

“బిల్డింగ్ సూసుకునే హౌస్‌మైస్టర్ అతికిచ్చిండు మేడం. ప్లాస్టిక్ డబ్బల అన్నం ఏసినమంట. ఇంకోసారైతే ఓనర్‌కి రాస్తడంట. ఎవ్వలేసిన్రో నలుగురం ఒప్పుకుంటలేం. ఇప్పుడు చెత్త పారేయాల్నంటెనే భయమైతున్నది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే నిజమైన శ్రోత ఎక్కడ దొరుకుతాడు! ఎల్లుండి క్లాసుంది, రేపే నాతో బయల్దేరు నాయనా అన్నాను. తన దగ్గరా తొమ్మిది యూరోల టికెట్టుంది, సెమిస్టర్ పరీక్షలు ఇంకా దూరం. సరేనన్నాడు.

ఇక్కడే నా పదకొండేళ్ళ సర్వీసు నిద్రలేచింది. మా బడికి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ఏ ప్రశ్న ఎవరిని అడగాలో, ఎవరేం చెప్పాలో, తెలీనివాడు ఏ బెంచీ వెనక నక్కాలో వారం ముందే తేలిపోయేది. శ్రీకాంత్‌కి కాగితం మీద ఏడు ప్రశ్నలు రాసిచ్చాను. పాలప్యాకెట్ ఎందులో వెయ్యాలి, న్యూస్‌పేపర్ ఎందులో వెయ్యాలి, ఇలాంటివి. వీటికి జవాబులు పిల్లలకి నీళ్ళప్రాయంగా వచ్చు.

“ఇవే అడుగు. ఇవి దాటి ఒక్క ముక్క అడక్కు.”

“నిజంగ డౌటుంటే మేడం?”

“డౌట్లు క్లాసయ్యాక.”

“బళ్ళె గూడ గిట్లనే అనేటోళ్ళు మేడం మీరు” అన్నాడు, కూర వడ్డిస్తూ. వాడు వెక్కిరించాడో గుర్తుచేసుకున్నాడో నేను ఆలోచించలేదు.

చారు జుర్రడం మర్యాదైన ఊరు

గురువారం ఒక రైలు రద్దయింది, ఒకటి ఆలస్యమైంది, మూడోది ఎక్కాం. జర్మన్ల సమయపాలన గురించి ఇండియాలో మాకు చెప్పినవాళ్ళెవరూ ఈ రైళ్ళెక్కలేదు.

డ్యూసెల్‌డోర్ఫ్ స్టేషన్ దగ్గర ఒక వీధి మొత్తం జపాన్. బోర్డులు జపనీస్, రొట్టెల కొట్టు జపనీస్, నూడుల్స్ కోసం క్యూలో ఉన్న జర్మన్లు మాత్రం జర్మన్లు. మమ్మల్ని తీసుకెళ్ళడానికి మోరి గారొచ్చారు. బడిలో ప్రాజెక్టు క్లాసుల బాధ్యత ఆమెదే. ముప్పయ్యేళ్ళ చురుకైన మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. నూడుల్స్ తినిపించారు. ఒక్క గిన్నె ధరకి సూర్యాపేటలో మా స్టాఫ్ రూమ్ మొత్తానికి దోసెలొస్తాయి. అక్కడ అందరూ జుర్రుమని చప్పుడు చేస్తూ తింటున్నారు, అదే మర్యాదట. మా ఇంట్లో చారు జుర్రితే వీపు విమానం మోతెక్కేది. నేను పుట్టాల్సిన దేశంలో పుట్టలేదని బాధేసింది.

బడి ఆ పక్క ఊళ్ళో. గుమ్మంలో చెప్పులు విప్పి, వాళ్ళిచ్చిన చెప్పులు వేసుకోవాలి. చెప్పులు బయట విడవడం చూసి పుట్టింటికొచ్చినట్టయింది. శ్రీకాంత్ బూటు విప్పాడు. సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. మోరి గారితో సహా ముగ్గురు టీచర్లు ఒకేసారి కిటికీలోంచి చెట్లు చూడసాగారు. అంత మర్యాద నేనెక్కడా చూడలేదు.

జర్మన్ ప్రభుత్వం బడుల్లో మాస్కు అక్కర్లేదని అప్పటికే చెప్పింది. ఇక్కడ మాత్రం అందరికీ మాస్కులు, బల్లల మధ్య అద్దపు అడ్డుగోడలు, కిటికీలు బార్లా. మధ్యాహ్నం పిల్లలంతా ఒకే వైపు తిరిగి కూర్చుని, నోరెత్తకుండా అన్నం తినాలి. రెండేళ్ళుగా అంతేనట. దగ్గరగా మాట్లాడకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, తింటూ మాట్లాడకూడదు. మిగిలిన సమయంలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకోవాలి.

మోరి గారు ఫైలు తెరిచి రేపటి క్లాసు ప్లాను చూపించారు. నిమిషం నిమిషానికీ ఉంది. ‘పది ముప్పైఅయిదు: శ్రోత ప్రశ్న అడుగును. పది నలభైరెండు: విద్యార్థులు ఆశ్చర్యపోదురు. పది నలభైనాలుగు: విద్యార్థులు తమంతట తాము కనుగొందురు.’

“తమంతట తామే కనుగొనేట్టు మూడుసార్లు ప్రాక్టీసు చేయించాం” అన్నారామె సంతోషంగా.

మా సూర్యాపేట ఇన్‌స్పెక్షన్‌కీ ఈ ప్లానుకీ మేనరికం ఉందని నాకప్పుడే అర్థమైంది. ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

శుక్రవారం, పది నలభైరెండు

క్లాసులో మొదటిసారి నా ఐదుగురినీ చూశాను. చూశానంటే, పది కళ్ళు చూశాను. నలుగురు లేచి, వంగి, ఒకే గొంతుతో గుడ్మార్నింగ్ చెప్పారు. ఐదో అమ్మాయి హరుక కొంచెం ఆలస్యంగా లేచింది. ఏడు నెలల్లో ఆ పిల్ల గొంతు నేను విడిగా వినలేదు. కోరస్‌లో ఉందో లేదో కూడా తెలీదు.

వెనక ప్రిన్సిపల్ ఒకుదా గారు కూర్చున్నారు. అరవయ్యేళ్ళ సన్నని మనిషి, ఒళ్ళో ఒక కాగితం. పక్కన మోరి గారు గడియారం చూసుకుంటూ.

శ్రీకాంత్ మొదటి ప్రశ్న అడిగాడు. జవాబు వచ్చింది. రెండోది, మూడోది. ప్రశ్న అప్పజెప్పడం, జవాబు అప్పజెప్పడం. సీతారాముల కల్యాణంలో మంత్రాల్లాగా అన్నీ వరసగా జరిగిపోతున్నాయి. ఒకుదా గారు ఏమీ రాయడం లేదు. ఆరో ప్రశ్న అయ్యాక శ్రీకాంత్ నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఐ హ్యావ్ వన్ రియల్ డౌట్” అన్నాడు.

చెప్పాడు. వాళ్ళమ్మ పంపిన ఆవకాయ సీసా ఉందట. మూత సరిగా పెట్టకపోతే పైన బూజు పట్టిందట. నెలరోజులుగా కిటికీ గట్టు మీద పెట్టుకుని కాపలా కాస్తున్నాడట. సీసా గాజు. మూత ఇనుము. లోపల నూనె, కారం, మామిడిముక్కలు, వాటికి చెక్కలాంటి టెంక. ఏది ఏ డబ్బాలో వెయ్యాలి? తప్పు వేస్తే ఈసారి హౌస్‌మైస్టర్ ఓనర్‌కి రాస్తాడు.

గడియారం సరిగ్గా పది నలభైరెండు. పిల్లలు ఆశ్చర్యపోయారు. ప్లానులో ఉన్నట్టే పోయారు, కానీ ఇది ప్రాక్టీసు చేసిన ఆశ్చర్యం కాదు. ఒకరి కళ్ళు ఒకరు చూసుకున్నారు. నిశ్శబ్దం. ఐదు సెకన్లు, పది సెకన్లు. ఒకుదా గారు పెన్ను తీశారు. నా ఉద్యోగం కళ్ళముందే కిటికీలోంచి ఎగిరిపోతున్నట్టుంది. నా నోట్లో నువ్వుగింజ నానదు, నిశ్శబ్దం ఎలా నానుతుంది?

“గ్లాస్ గోస్ టు ద గ్లాస్...” అని అందుకున్నాను.

“కంటెయినర్!” నలుగురు.

హమ్మయ్య. “ద లిడ్ గోస్ ఇంటూ ద యెల్లో...”

హరుక లేచి నిలబడింది.

“టీచర్, ప్లీజ్ వెయిట్. ఐ యామ్ థింకింగ్.”

గొంతు సన్నగా ఉంది. కానీ స్పష్టంగా ఉంది. నా చెవులు మండిపోయాయి. ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. పదకొండేళ్ళు సూర్యాపేటలో, ఏడు నెలలు తెర మీద, ఏ పిల్లా నాతో ఈ మాట అనలేదు. అనడానికి నేను సందివ్వలేదు. నోరు మూసుకున్నాను.

హరుక శ్రీకాంత్ వైపు తిరిగింది. “బ్యాడ్... ఆల్? ఆర్ ఓన్లీ టాప్?”

“ఓన్లీ టాప్” అన్నాడు వాడు.

ఆ పిల్ల మళ్ళీ ఆగింది. మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ చెప్పింది. జపాన్‌లో వాళ్ళ అమ్మమ్మ జాడీలో మీసో పెడుతుందట, అంటే సోయా గింజల ముద్ద. పైన బూజు వస్తే ఆ పైపొర తీసేస్తుంది. కింద బాగుంటుంది, తింటారు. “సో... మై క్వశ్చన్. వై యూ త్రో?”

ఎందుకు పారేస్తున్నావు? ఏడు నెలలు ఏ డబ్బా, ఏ డబ్బా అని గొంతు చించుకున్నాం కానీ, ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

శ్రీకాంత్ నావైపు తిరిగి తెలుగులో అన్నాడు: “మేడం, మా అమ్మ గూడ ఫోన్ల గిదే చెప్పింది. నేనే ఇనలే.”

అప్పుడు మొదటి బెంచీ కుర్రాడు లేచి “నో! డేంజర్! కరోనా టైమ్!” అన్నాడు. పక్క అమ్మాయి “కరోనా ఈజ్ నాట్ ఇన్ పికిల్!” అంది. ఇంకొకడు పైపొర తీసేస్తే ఆ పొర ఏ డబ్బాలో వెయ్యాలన్నాడు. నాలుగోవాడు టెంక చెక్కా, కూరగాయా అని అడిగాడు. వ్యాకరణం గంగలో కలిసింది. అద్దపు గోడల మీదుగా మెడలు చాచి వాదించుకుంటున్నారు. మోరి గారు గడియారం చూడ్డం మానేశారు. నేను చేతులు కట్టుకుని గోడకానుకుని నిలబడ్డాను. ఇంతలో గంట మోగింది, ఎవరూ వినిపించుకోలేదు.

తీర్పు

గోల సద్దుమణిగాక ఒకుదా గారు ముందుకొచ్చారు. ప్రాజెక్టు పద్ధతిలో నిర్ణయాలు కూడా పిల్లలనే అడగాలట, ఆయన దగ్గరున్న కాగితంలో అలా ఉంది. శ్రీకాంత్‌ని బయట కూర్చోమన్నారు. నన్ను కూడా పంపుతారనుకున్నాను, పంపలేదు.

“వచ్చే టర్ములో ఈ టీచరే కావాలా?” అని ఇంగ్లీషులో అడిగారు, నేనక్కడ నిలబడి ఉండగానే.

“యెస్! టీచర్ ఈజ్ వెరీ కైండ్. థాంక్యూ వెరీ మచ్” అన్నారు నలుగురు, ఒకే గొంతుతో. నా కోరసే, నేను నేర్పిందే. ఒకుదా గారు ఆ జవాబు రాసుకోలేదు. హరుక వైపు చూశారు.

హరుక మాట్లాడలేదు. బల్ల వైపు చూస్తోంది.

నా నాలుక దురద పెట్టింది. మెల్లగా ‘యె...’ అంటే చాలు, మిగతా ముక్క ఆ పిల్ల నోటినుంచి దానంతటదే వస్తుంది. ఏడు నెలల అలవాటు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఆ ఫారంలో ఆ గడిలో ‘టీచర్’ అని రాసుకోవాలి. పళ్ళు బిగించి, మాస్కు వెనక పెదవి కొరుక్కుని నిలబడ్డాను. పిల్ల ఆలోచించుకోవడానికి ఇంతసేపు పడుతుందని నాకు తెలీదు. తెలుసుకోవడానికి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆగి చూడలేదు.

చివరికి తలెత్తింది. ప్రిన్సిపల్‌ని కాదు, నన్ను చూసి చెప్పింది.

“సెవెన్ మంత్స్, నో. టుడే, యెస్.”

ఒకుదా గారు ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు. తర్వాత ఒక టర్ముకి మాత్రమే తీసుకుంటామని, టర్ము చివర హరుకని మళ్ళీ అడుగుతామని చెప్పారు. పదకొండేళ్ళ సర్వీసున్న మనిషిని పద్నాలుగేళ్ళ పిల్ల చేతికింద పెట్టారు. నాకు అవమానంగా ఉండాలి. లేదు. కళ్ళనీళ్ళు వచ్చి మాస్కు తడిసింది.